జీతాలు ఆపి యాడ్ టార్గెట్లు పెట్టే మీడియా ఆఫీసులో ఎన్నాళ్లుండాలి? నల్లగొండ, పాలమూరు వాళ్లు చెప్పండి

కాలువగట్టు:
అందరికీ నమస్కారం. నల్లగొండలో ఒక లోకల్ దినపత్రిక, దాని యూట్యూబ్ చానల్ రెండూ ఒకే ఆఫీసులో నడిపే సంస్థలో సబ్ ఎడిటర్‌గా పని చేస్తున్నాను. పేరు చెప్పను, దయచేసి అడగొద్దు.

జీతం సమస్య తర్వాత చెప్తాను. ముందు బాధ ఏంటంటే, ఎవరి మాట వినాలో ఎవరికీ తెలియదు. ఎండీ ఒకటి చెప్తారు. ఆయన బామ్మర్ది సీఈవో పేరుతో కూర్చుని దాన్ని మారుస్తారు. హైదరాబాద్ నుంచి వచ్చిపోయే కన్సల్టెంట్ ఆ రెండూ వద్దని ఇంకేదో మొదలుపెట్టిస్తారు. పొద్దున మీటింగ్ లేదు, ప్లాన్ లేదు. వాట్సాప్ గ్రూపులో చివరగా ఏ మెసేజ్ వస్తే అదే ఆర్డర్.

సాగర్ గేట్లు ఎత్తిన రోజు సంగతి చెప్తే మీకే అర్థమవుతుంది. మా ఫొటోగ్రాఫర్ వానలో తడుస్తూ 26 గేట్లూ ఒకే ఫ్రేములో వచ్చేలా ఫొటో తీసి పంపాడు. నేను దాని పక్కన ఎడమ కాలువ కింద రైతుల కోసం ఒక బాక్స్ కట్టాను. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు ఏ మేజర్‌కు, అంటే ఏ పిల్ల కాలువకు, నీళ్లు ఎప్పుడు వదులుతారో ఇరిగేషన్ ఇంజినీర్లతో మాట్లాడి తెచ్చిన వివరాలు అవి. పేజీ ప్రింటింగ్‌కు పంపే టైంకి సీఈవో ఫోన్. రియల్ ఎస్టేట్ వెంచర్ యాడ్ వచ్చింది, సగం పేజీ ఖాళీ చేయమన్నారు. లోపలి పేజీలు అప్పటికే వెళ్లిపోయాయి. బాక్స్ మొత్తం తీసేశాం, ఫొటో ఒక్కటే మిగిలింది. తెల్లారి హాలియా నుంచి ఒక పెద్దాయన ఆఫీసుకు ఫోన్ చేసి, "నీళ్ల తేదీ వేస్తరని పేపర్ కొన్నం బిడ్డా, వెయ్యలేదేంది?" అని అడిగాడు. ఆయనకు ఏం చెప్పాలి? ఆ వివరాలు నా కంప్యూటర్‌లో ఉన్నాయి, పేపర్‌లో లేవు. ఫోన్‌లోనే చదివి వినిపించాను.

ఇక జీతం. బ్యాంకులో పడాల్సింది ముక్కలు ముక్కలుగా ఎండీ సొంత ఫోన్‌పే నుంచి వస్తుంది. 'ఖర్చులకు' అని రాసి పంపుతారు. కొన్ని నెలలుగా అదీ లేదు. మొన్న జనవరి 26కు డెస్క్ వాళ్లకూ యాడ్ టార్గెట్ వేశారు. అంటే రోడ్డు పని బాగాలేదని వచ్చిన వార్త నేను దిద్దాలి, మధ్యాహ్నం అదే కాంట్రాక్టర్‌కు ఫోన్ చేసి యాడ్ అడగాలి.

మానేద్దామంటే బకాయి వదులుకున్నట్టవుతుందని భయం. ఉందామంటే ఇంట్లో పూట గడవడం కష్టంగా ఉంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

గడియారం చౌరస్తా:
రెండు విషయాలు చెప్పు చెల్లె. అపాయింట్‌మెంట్ లెటర్ ఇచ్చారా? పీఎఫ్ కట్ చేస్తున్నారా?

కాలువగట్టు:
లెటర్ లేదన్నా, ఐడీ కార్డు మాత్రమే. పీఎఫ్ పేరుతో కట్ అవుతున్నట్టు అకౌంటెంట్ దగ్గర ఉన్న జీతాల షీట్‌లో చూశాను. పే స్లిప్ ఎప్పుడూ ఇవ్వలేదు.

పిల్లలమర్రి నీడ:
అక్కా, మాది మహబూబ్‌నగర్. నేను డెస్క్ కాదు, ఫీల్డ్. ఒక చానల్‌కు స్ట్రింగర్‌గా, అంటే నెల జీతం లేకుండా స్టోరీ లెక్కన, చేసి బయటికొచ్చాను.

మా దగ్గర మొదటి మోసం లోగోతోనే మొదలవుతుంది. మైక్, లోగో, ఐడీ కార్డు ఇవ్వాలంటే డిపాజిట్ కట్టాలంటారు. ఉద్యోగం ఇచ్చేవాడు మనకు పైసలు ఇవ్వాలి గానీ మన దగ్గర తీసుకోవడమేంటని ఎవరూ అడగరు. ఎందుకంటే లోగో చేతిలో ఉంటే ఊళ్లో విలువ ఉంటుందని ఆశ. నేనూ అప్పు తెచ్చి కట్టాను. రసీదు ఇవ్వలేదు.

2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమ గట్టు కాలువ) సొరంగం కూలినప్పుడు నన్ను అక్కడికి పంపారు. లోపల ఎనిమిది మంది చిక్కుకున్నారు. వాళ్ల కోసం ఆర్మీ, ఎన్‌డీఆర్‌ఎఫ్, సింగరేణి వాళ్లు అందరూ వచ్చారు. దేశమంతా అటే చూస్తోంది. అది నల్లమల. సిగ్నల్ సరిగా ఉండదు. రాత్రయితే మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర దారి మూసేస్తారు కాబట్టి ఇంటికి వచ్చే వీలు లేదు. పెట్రోల్ నాది, తిండి నాది, డేటా నాది. ఆఫీసు నుంచి గంటకోసారి ఫోన్, "లైవ్ ఏది, వేరే చానల్‌లో వచ్చింది మనకెందుకు రాలేదు" అని. కొడుకు కోసం ఎదురుచూస్తున్న ఒక తండ్రి ముందు మైక్ పెట్టి ఏడిపించమన్నారు. నేను పెట్టలేదు. ఆయన పక్కన కూర్చున్నాను, అంతే. ఆ రోజు నా మీద చాలా కోపమయ్యారు. ఖర్చుల బిల్లు పెడితే "స్ట్రింగర్లకు టీఏ ఉండదు, స్టోరీకి ఇంత" అన్నారు. ఆ 'ఇంత' కూడా రాలేదు.

నాకు కోపం పైసల గురించి ఒక్కటే కాదు. ఆ సొరంగం దగ్గర మంచి రిపోర్టింగ్ చేయడానికి ఎంతో ఉంది. బురద, నీటి ఊట, మిషన్ ముక్కలు, లోపలికి వెళ్లిన రెస్క్యూ వాళ్ల మాటలు. ఒక్క మనిషిని ఇంజినీర్లతో మాట్లాడేందుకు కేటాయించి ఉంటే చాలు. మా ఆఫీసులో ఆ ఆలోచన చేసే మనిషే లేడు. పక్క చానల్ స్క్రీన్ చూసి మాకు ఫోన్ చేయడమే వాళ్ల మేనేజ్‌మెంట్.

కోర్టు రోడ్డు:
నేను లేబర్ కేసులు చూసే వకీలును. కొంచెం ఓపికగా చదవండి, ఇందులో చాలామంది తెలియక నష్టపోతున్నారు.

2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు, అంటే పాత కార్మిక చట్టాలను కలిపి చేసిన కొత్త చట్టాలు, అమల్లోకి వచ్చాయి. వర్కింగ్ జర్నలిస్టుల కోసం 1955లో వచ్చిన పాత చట్టం కూడా వాటిలో కలిసిపోయింది. పాత చట్టం పత్రికల గురించే మాట్లాడేది. ఇప్పుడు వర్కింగ్ జర్నలిస్ట్ అన్న నిర్వచనంలో ఎలక్ట్రానిక్, డిజిటల్ మీడియా కూడా ఉన్నాయి. కాబట్టి "మనది యూట్యూబ్, మీకు చట్టం వర్తించదు" అని ఎవరన్నా అంటే నమ్మొద్దు. ఫుల్ టైమ్, పార్ట్ టైమ్ ఇద్దరూ ఆ నిర్వచనంలోకి వస్తారు. అయితే ఒక షరతు ఉంది. జర్నలిజమే మీ ప్రధాన వృత్తి అయి ఉండాలి, సంస్థ మిమ్మల్ని ఆ పనికి పెట్టుకుని ఉండాలి. కిరాణా షాపు నడుపుకుంటూ వార్తలు పంపే మండల విలేకరి విషయంలో యాజమాన్యాలు పట్టుకునేది ఇదే.

నెల జీతం తర్వాతి నెల ఏడో తారీఖు లోపు ఇవ్వాలి. ఉద్యోగి మానేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి. అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వడం యజమాని బాధ్యత, అది దయ కాదు. బకాయి కోసం క్లెయిమ్ వేయడానికి మూడేళ్ల గడువుంది. కోడ్‌లు రాకముందు ఆగిన జీతం మీద హక్కు కూడా పోదు. చెల్లెమ్మా, మానేస్తే బకాయి పోతుందని భయపడకు. చట్టం దృష్టిలో మానేయడానికి, వదులుకోవడానికి సంబంధం లేదు.

పీఎఫ్ సంగతి ఇంకా సీరియస్. ఇరవై మంది, అంతకంటే ఎక్కువ ఉంటే పీఎఫ్ తప్పనిసరి. నీ జీతంలోంచి 12 శాతం కోసి ఖాతాలో కట్టకపోతే అది మామూలు బాకీ కాదు, నమ్మకద్రోహం కింద క్రిమినల్ కేసు అవుతుంది. ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో యూఏఎన్‌తో, అంటే నీ పీఎఫ్ నంబరుతో, లాగిన్ అయి పాస్‌బుక్ చూడు. యూఏఎన్ కూడా ఇవ్వలేదంటే అకౌంటెంట్‌ను రాతపూర్వకంగా అడుగు. పాస్‌బుక్ ఖాళీగా ఉంటే పీఎఫ్ చూసే ఈపీఎఫ్‌వో సంస్థ ఫిర్యాదుల పోర్టల్‌లో వేయొచ్చు.

ఫోన్‌పే మెసేజ్‌లు చెరిపేయొద్దు. బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో ఎండీ పేరు నెలనెలా కనిపిస్తే ఆ ఉద్యోగానికి అదే సాక్ష్యం. పేజీ మీద నీ పేరు, డెస్క్ గ్రూపులో నీకు వచ్చిన ఆర్డర్లు, సెలవు అడిగిన మెసేజ్, ఐడీ కార్డు రెండు వైపులా ఫొటో, అన్నీ ఆఫీసు కంప్యూటర్‌లో కాకుండా నీ దగ్గర దాచుకో.

ఫ్లోరైడ్ ఊరోణ్ని:
మర్రిగూడ వైపు మండల విలేకరిని. పైన వకీలు సార్ చెప్పిన 'ప్రధాన వృత్తి' మాట చదివి కడుపు కాలింది. వార్తల మీద బతకలేం కాబట్టే షాపు పెట్టుకున్నాం. షాపు పెట్టుకున్నాం కాబట్టి జర్నలిస్టులం కాదంటారు.

మా లెక్క వినండి. వార్తకు ఇచ్చేది లైన్ల లెక్కన. ఫ్లోరోసిస్‌తో కాళ్లు వంకరపోయిన మనిషి ఇంటికి వెళ్లి, నల్లా నీళ్లు వస్తున్నాయా లేదా చూసి, మాట్లాడి వస్తే ఒక పూట పోతుంది. డెస్క్‌లో దాన్ని నాలుగు లైన్లు చేస్తారు. ఎమ్మెల్యే కొబ్బరికాయ కొట్టిన ఫొటో నాలుగు కాలమ్‌లు వస్తుంది, ఎందుకంటే ఆ వెనకాల యాడ్ ఉంటుంది. ఏది రాస్తే బండి పెట్రోల్ వస్తుందో మనిషికి నెమ్మదిగా అలవాటైపోతుంది. తప్పు మండల విలేకరిదని ఊరంతా అంటుంది, అలా నేర్పిన ఆఫీసును ఎవరూ అనరు.

ఇక యాడ్స్. ఆగస్టు 15, జనవరి 26, జూన్ 2, దసరా, ఉగాది. పండగ వస్తోందంటే ఇంట్లో పిల్లలకు సంతోషం, నాకు టెన్షన్. అప్పట్లో సర్పంచులు శుభాకాంక్షల యాడ్స్ ఇచ్చేవాళ్లు. "బిల్లు వచ్చాక ఇస్త తమ్మీ" అనేవాళ్లు. 2024 జనవరి చివర్లో వాళ్ల పదవీకాలం అయిపోయింది. మళ్లీ ఎన్నికలు 2025 డిసెంబరులో గానీ జరగలేదు. మధ్యలో ఊళ్లను స్పెషల్ ఆఫీసర్లు చూశారు. పాత సర్పంచులు తమ పనుల బిల్లులకే ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగారు, నా యాడ్ పైసలు ఎక్కడినుంచి ఇస్తారు? ఆఫీసులో ఆ బాకీ మొత్తం నా పేరు మీద రాశారు. నా లైన్ అకౌంట్‌లోంచి కోసుకున్నారు. వార్త రాసి నేనే వాళ్లకు బాకీపడ్డాను. ఇదేం లెక్క?

గడియారం చౌరస్తా:
అన్నా, ఆ యాడ్స్‌కు రిలీజ్ ఆర్డర్ మీద, అంటే యాడ్ వేయమని పార్టీ ఇచ్చే కాగితం మీద, సంతకం ఎవరిది?

ఫ్లోరైడ్ ఊరోణ్ని:
సగం వాటికి ఆర్డరే లేదు. "ముందు వెయ్యి, తర్వాత తెచ్చుకో" అన్నది బ్యూరో ఇన్‌చార్జే.

కోర్టు రోడ్డు:
ఆ మెసేజ్ ఉందా? ఉంటే దాచుకోండి అన్నా. యాడ్ ఇచ్చినవాడు పైసలు ఇవ్వకపోతే ఆ నష్టం సంస్థది. మీరు హామీ సంతకం పెట్టకపోతే మీ వార్తల పైసల్లోంచి కోయడానికి వాళ్లకు ఆధారం లేదు. ఇకపై రిలీజ్ ఆర్డర్ మీద పార్టీ సంతకం లేకుండా ఒక్క యాడ్ కూడా పంపకండి.

చిన్న పత్రిక:
అందరూ ఓనర్లనే తిడుతున్నారు కాబట్టి నేనూ ఒక మాట చెప్తాను. నేను పాలమూరు జిల్లాలో చిన్న పత్రిక నడిపాను. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక న్యూస్‌ప్రింట్ ధర చూసి నిద్ర పట్టలేదు. పేపర్ అమ్మిన ధర కాగితం ఖర్చుకే చాలదు. ప్రభుత్వ ప్రకటనల బిల్లులు నెలల తరబడి ఆగుతాయి. యాడ్ లేకుండా ఏ పత్రికా బతకదు. భార్య నగలు కుదవబెట్టి జీతాలిచ్చిన నెలలున్నాయి. నా దగ్గర పని చేసినవాళ్లకు అది తెలుసు. అందరం దొంగలం కాదు.

పిల్లలమర్రి నీడ:
సార్, మీ మీద గౌరవంతోనే చెప్తున్నాను. మీరు నగలు పెట్టి జీతాలిచ్చారు. మేం మాట్లాడేది జీతాలు ఆపి కొత్త కారు కొన్నవాళ్ల గురించి. మా ఆఫీసులో స్ట్రింగర్ల పైసలు ఆగిన నెలలోనే స్టూడియోకు కొత్త ఎల్‌ఈడీ గోడ వచ్చింది. పైసలు లేకపోతే లేవని చెప్పండి, లెక్క చూపించండి, ఎప్పుడు ఇస్తారో రాసివ్వండి. మనిషి సర్దుకుంటాడు. ఫోన్ ఎత్తకుండా మొహం చాటేస్తే ఎలా సర్దుకోవాలి?

చిన్న పత్రిక:
ఆ మాట ఒప్పుకుంటాను. లెక్క దాచకూడదు. ఇంకోటి కూడా చెప్పాలి. యాడ్ అడిగే మనిషి, వార్త రాసే మనిషి వేరువేరుగా ఉండాలి. నేను యాడ్స్ కోసం కమీషన్ మీద ఒకతన్ని విడిగా పెట్టుకున్నాను. ఆదాయం తగ్గింది, కానీ మా విలేకరి తహసీల్దార్ ఆఫీసుకు వెళ్తే యాడ్ కోసం వచ్చాడని ఎవరూ అనలేదు.

గద్వాల కోట:
మేనేజ్‌మెంట్ తెలియనితనానికి ఒక ఉదాహరణ. 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ నాలుగు జిల్లాలైంది, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా వచ్చి ఐదయింది. మా సంస్థ ఐదు జిల్లాలకూ బోర్డులు పెట్టింది, మనుషులను మాత్రం పెంచలేదు. ఒకే మనిషి గద్వాల కలెక్టరేట్‌లో ప్రజావాణి చూసుకుని, అదే పూట వనపర్తి మీటింగ్‌కు పరుగెత్తాలి. రెండూ సరిగా రావు. ఇక హైదరాబాద్ డెస్క్ వాళ్లు అలంపూర్ వార్తను నాగర్‌కర్నూల్ జిల్లా పేజీలో పెడతారు. జనం మమ్మల్ని నిలదీస్తారు.

సూర్యాపేట శారద:
కాలువగట్టు చెల్లీ, నువ్వు రాయని విషయం ఒకటి అడుగుతాను. పేజీ పంపేసరికి రాత్రి ఎంతవుతోంది, ఇంటికి ఎలా వెళ్తున్నావు?

నేను డెస్క్‌లో చేసినప్పుడు అదే పెద్ద బాధ. ఎండీ మాట మార్చిన ప్రతిసారీ పేజీ లేటు. మగవాళ్లు బండి మీద పోతారు. నేను మా తమ్ముడు వచ్చేదాకా కింద టీకొట్టు దగ్గర నిలబడేదాన్ని. క్యాబ్ అడిగితే "జిల్లా ఆఫీసుకు క్యాబేంటమ్మా" అన్నారు. ఇప్పుడు కోడ్‌లో రాత్రి ఏడు తర్వాత ఆడవాళ్లతో పని చేయించాలంటే వాళ్ల ఒప్పుకోలు, భద్రత ఏర్పాట్లు ఉండాలని ఉంది. పది మంది పనిచేసే చోట వేధింపుల ఫిర్యాదులు తీసుకునే అంతర్గత కమిటీ 2013 చట్టం ప్రకారం ఉండాలి. ఆఫీసులో లేకపోతే జిల్లాలో లోకల్ కమిటీ ఉంటుంది. మా ఆఫీసులో కమిటీ పేర్లు గోడ మీద ఉండాలని నేను అడిగితే వింతగా చూశారు. అయినా అడగాలి. జీతం విషయంలో నలుగురు కలిసొస్తారు, ఈ విషయంలో మనం ఒంటరిగా మిగిలిపోతాం.

కాలువగట్టు:
అక్కా, పదిన్నర దాటుతుంది. నాన్న వచ్చి తీసుకెళ్తారు. ఆయన పొద్దున్నే పొలం పనికి పోవాలి. మీరు అడిగారు కాబట్టి చెప్తున్నాను, నాకు మానేయాలనిపించేది ఎక్కువగా ఆ టైంలోనే. ఆయన ఏమీ అనరు, "ఇంకా పైసలు ఇయ్యలేదా బిడ్డా" అని ఒక్కసారి అడిగి ఊరుకుంటారు.

పాత డెస్క్:
రిటైర్ అయిన సబ్ ఎడిటర్‌ని. 1989లో ఈనాడు జిల్లా ఎడిషన్లు మొదలుపెట్టాక మిగతా పత్రికలూ అదే దారి పట్టాయి. మాలాంటి జిల్లా పిల్లలకు డెస్క్ ఉద్యోగాలు వచ్చింది అప్పుడే. మన ఊరి బోరు, మన ఊరి బస్సు మొదటిసారి పేపర్‌లోకి వచ్చాయి. అది చాలా మంచి మార్పు. ఆ వెనకే జిల్లా యాడ్స్ అనే కొత్త ఆదాయం కూడా దొరికింది. రెండింటినీ ఒకే విలేకరి నెత్తిన పెట్టడం దగ్గరే చెడింది.

నల్లగొండలో పత్రిక అంటే చిన్న చరిత్ర కాదమ్మా. షబ్నవీసు వెంకటరామ నరసింహారావు గారు 1922లోనే ఇక్కడి నుంచి 'నీలగిరి' తెచ్చారు. పాలమూరు వాడైన సురవరం ప్రతాపరెడ్డి గారు 1926 నుంచి 'గోలకొండ' నడిపారు. నిజాం రాజ్యంలో తెలుగులో రాయడమే కష్టమైన రోజులవి. నువ్వు కట్టిన ఆయకట్టు బాక్స్ ఆ తోవలోని పనే. హాలియా పెద్దాయన ఫోన్ చేశాడంటే ఆ పేపర్ మీద ఆయనకు ఇంకా నమ్మకం ఉంది. ఆ నమ్మకం ఎండీ సంపాదించింది కాదు, మీరు సంపాదించింది.

నా సలహా, వేరే చోట కుదిరేదాకా నోటీసు ఇవ్వకు, వెతకడం ఇవాళే మొదలుపెట్టు. నువ్వు కట్టిన మంచి పేజీల పీడీఎఫ్‌లు తేదీతో సహా దాచుకో. ఎక్స్‌పీరియెన్స్ లెటర్ ఇవ్వరని భయపడకు. మంచి డెస్క్‌లో ఎవరూ లెటర్ చూడరు, ఒక కాపీ ఇచ్చి దిద్దమంటారు. చేరే ముందు ఆ పత్రిక టైటిల్ రిజిస్టర్ అయి ఉందో లేదో ప్రెస్ రిజిస్ట్రార్ జనరల్ వెబ్‌సైట్‌లో చూసుకో. యాడ్ టార్గెట్ ఉందా అని ఇంటర్వ్యూలోనే అడుగు, సిగ్గుపడకు.

గడియారం చౌరస్తా:
ఎన్నికలప్పుడు 'ప్యాకేజీ' మాట్లాడమని చెప్తే మాత్రం అస్సలు ఒప్పుకోవద్దు. పైసలు తీసుకుని వార్తలా వేస్తే అది పెయిడ్ న్యూస్. జిల్లాలో దాన్ని చూడటానికి ఎంసీఎంసీ అనే ఎన్నికల మీడియా పర్యవేక్షణ కమిటీ ఉంటుంది. నోటీసు వస్తే మాట్లాడిన మనిషిగా నీ పేరే ముందుకొస్తుంది, ఆఫీసు చేతులెత్తేస్తుంది. మునుగోడు ఉప ఎన్నిక టైంలో, అంటే 2022లో, నన్ను అడిగారు. సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాను.

కాలువగట్టు:
అందరికీ చాలా థ్యాంక్స్. పీఎఫ్ చూశాను. యూఏఎన్ ఉంది, పాస్‌బుక్‌లో మొదట్లో కట్టినవి తప్ప తర్వాత ఏమీ లేవు. షీట్‌లో మాత్రం నెలనెలా కోత ఉంది. డెస్క్‌లో మిగతావాళ్లకు చూపించాను. పేజీలు పెట్టే పేజినేటర్‌ది, ఫొటోగ్రాఫర్‌ది కూడా అదే పరిస్థితి. ముగ్గురం కలిసి జీతం బకాయి, పీఎఫ్, అపాయింట్‌మెంట్ లెటర్ మూడూ అడుగుతూ ఎండీకి ఉత్తరం రాస్తున్నాం. యాడ్ టార్గెట్ డెస్క్‌కు వద్దని కూడా అందులోనే రాశాం. హైదరాబాద్‌లో ఒక పత్రిక డెస్క్ టెస్ట్‌కు పిలిచింది, అది కూడా రాస్తున్నాను.

వకీలు సార్, ఉత్తరం చేతికి ఇస్తే తీసుకోనంటే ఏం చేయాలి? ముగ్గురం ఒకే కాగితం మీద సంతకం పెట్టాలా, విడివిడిగానా?

కోర్టు రోడ్డు:
విడివిడిగా రాయండి, ఎవరి బకాయి వాళ్ల లెక్కతో. ఒకే రోజు పంపండి. చేతికిస్తే కాపీ మీద సంతకం, తేదీ తీసుకోండి. తీసుకోకపోతే ఆఫీసు అడ్రస్‌కు స్పీడ్ పోస్ట్ చేసి రసీదు దాచుకోండి, అదే ఉత్తరం ఆఫీసు మెయిల్‌కు కూడా పంపండి. పదిహేను రోజులు టైం ఇవ్వండి. జవాబు రాకపోతే నల్లగొండ లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టండి, ఈ కాగితాలన్నీ జత చేసి. పీఎఫ్ ఫిర్యాదుకు పదిహేను రోజులు ఆగాల్సిన పని లేదు, ఈ రాత్రే వేయండి.

సూర్యాపేట శారద:
నాలుగో ఉత్తరం రాత్రి క్యాబ్ గురించి రాయి చెల్లీ. డ్రాఫ్ట్ నేను పంపిస్తాను.